పగిలిన అన్యూరిజంకి కాయిలింగ్: క్యాథ్‌ల్యాబ్‌లో ఏది ముందు, ఏది వెనక

మెదడు ధమనిలో అన్యూరిజం (ధమని గోడ ఉబ్బి ఏర్పడిన సంచి) పగిలాక దానిలో కాయిల్ (సన్నని లోహపు తీగ చుట్ట) వేసేది ముఖ్యంగా ఒక్కందుకే: అది మళ్లీ పగలకూడదు. రెండో రక్తస్రావం ముప్పు మొదటి 24 గంటల్లోనే ఎక్కువ, కాబట్టి సీటీ యాంజియోలో అన్యూరిజం కనబడగానే క్యాథ్‌ల్యాబ్ (ఎక్స్‌రేలో చూస్తూ రక్తనాళాల్లో పనిచేసే గది) సిద్ధం చేయండి. ఈలోగా పై బీపీ 160 దాటనివ్వకండి, మరీ దించేయకండి. మెదడులో నీరు చేరి స్పృహ తగ్గుతుంటే ఈవీడీ (ఆ నీటిని బయటికి తీసే గొట్టం) ముందే పెట్టించాలి. హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఇచ్చాక పెడితే ఆ గొట్టం దారిలోనే రక్తం కారవచ్చు.

మిడిల్ సెరిబ్రల్ ధమనిలో అన్యూరిజం మెడ (సంచి ధమనిని కలిసే చోటు) వెడల్పుగా ఉండి, పక్కన పెద్ద రక్తపు గడ్డ కూడా ఉంటే క్లిప్పింగే (పుర్రె తెరిచి మెడకు క్లిప్ పెట్టడం) మేలు.

జనరల్ అనస్థీషియా ఇచ్చాక తొడ ధమని నుంచి 6 ఫ్రెంచ్ (2 మిల్లీమీటర్ల) గైడ్ క్యాథెటర్ అనే గొట్టం ఎక్కిస్తారు. ప్రతి లైన్‌లోనూ హెపారిన్ కలిపిన సెలైన్ నడుస్తూ ఉండాలి, గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. 3డీ రన్ (రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే చిత్రాలు) తీసి సంచినీ మెడనీ కొలవండి. మెడ, అసలు ధమని విడివిడిగా కనబడే కోణం దొరికేదాకా ముందుకు వెళ్లొద్దు. ఇక్కడ పట్టే సమయం వృథా కాదు.

గైడ్ లోపలి నుంచి వెళ్లే 0.017 అంగుళాల సన్నని గొట్టం, అంటే మైక్రోక్యాథెటర్ కొనను ఆవిరిలో వంచి, 0.014 వైర్ మీద సంచిలోకి చేర్చండి. కొన పైగోడను తాకకూడదు. వైర్‌ను వెనక్కి తీసేటప్పుడు క్యాథెటర్‌లో నిలిచిన బిగువు వదిలి కొన ముందుకు దూకుతుంది. అందుకే ఆ వదులును ముందే లాగేయాలి. 3 మిల్లీమీటర్ల లోపు అన్యూరిజంలో ఈ ఒక్క దూకుడు చాలు, గోడ చిరగడానికి.

6 మిల్లీమీటర్ల సంచికి మొదటి ఫ్రేమింగ్ కాయిల్ (లోపల చట్రంలా నిలిచేది) 6 మిల్లీమీటర్లే. ఆపైన 4, 3, 2 అంటూ తగ్గించుకు రావాలి. ప్రతి కాయిల్‌నూ విడదీసే ముందు రన్ తీసి, అసలు ధమని తెరిచి ఉందో లేదో చూడండి. పూర్తి మోతాదు హెపారిన్‌ను చాలామంది మొదటి కాయిల్ కుదురుకున్నాకే ఇస్తారు. మెడ 4 మిల్లీమీటర్లు దాటితే కాయిల్ బయటికి జారకుండా ధమనిలో మెడకు బెలూన్ అడ్డు పెట్టండి. స్టెంట్‌కి (ధమనిలో ఉండిపోయే జాలీ గొట్టం) రెండు యాంటీప్లేట్‌లెట్ మందులు (ప్లేట్‌లెట్లు గడ్డగా అతుక్కోనివ్వనివి) కావాలి, తాజా రక్తస్రావంలో అది చివరి దారి.

బీపీ హఠాత్తుగా ఎగిరి, గుండె వేగం పడిపోతే సంచి పగిలిందని అనుమానించండి. అప్పుడు మైక్రోక్యాథెటర్‌ను వెనక్కి లాగకండి, లాగితే చిల్లు తెరుచుకుంటుంది. బెలూన్ ఉబ్బించి, ప్రతి 100 యూనిట్ల హెపారిన్‌కి 1 మిల్లీగ్రాము ప్రోటమిన్ (దాని విరుగుడు) ఇచ్చి, కాయిల్స్ వేగంగా నింపండి.

మైక్రోక్యాథెటర్ బయటికి తన్నుకొస్తుంటే ఆగండి. మెడ దగ్గర కొంచెం మిగిలినా పర్వాలేదు. ఇంకొక్కటి పడుతుందిలే అని దూర్చిన కాయిలే చాలాసార్లు ధమనిలోకి జారుతుంది.

తర్వాత, ధమనులు బిగుసుకుంటే మెదడుకు జరిగే నష్టాన్ని తగ్గించే నిమోడిపిన్ 60 మిల్లీగ్రాములు 4 గంటలకోసారి, 21 రోజులు. 4 నుంచి 14వ రోజు వరకు ధమనులు బిగుసుకునే కాలం. ఒంట్లో నీరు తగ్గనివ్వకండి, కొత్తగా మాట తడబడినా, చెయ్యి పడిపోయినా వెంటనే స్కాన్ చేయించండి. కాయిల్స్ అణిగిపోయి సంచి మళ్లీ తెరుచుకోవచ్చు గనుక ఆరు నెలలకు యాంజియో తప్పనిసరి.