లోడ్ పడగానే మూలిగే వించ్: తప్పు మోటారుది కాదు

ఖాళీగా తిప్పితే నా బండి వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో బయటికి లాగే మోటారు యంత్రం) హుషారుగా తిరిగేది. బండి బురదలో దిగబడి లోడ్ పడగానే మూలిగేది, మోటారుకి కరెంటు కలిపే స్విచ్, అదే సాలెనాయిడ్, టకటకా కొట్టుకునేది. మోటారు పోయిందన్నారు అందరూ. నాకు నమ్మకం కుదరలేదు.

మల్టీమీటర్ ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది మోటారు ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) బోల్టు మీద పెట్టి లోడ్‌లో లాగించాను. అర వోల్టు లోపు చూపించాల్సింది రెండు వోల్టులు దాటింది. ఎర్త్ బండి ఛాసిస్ (ఇనుప చట్రం) మీదుగా వెళ్తోంది. అక్కడి బోల్టు కింద పెయింటు, దాని కింద తుప్పు. ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. పూర్తి లోడ్‌లో 400 ఆంపియర్ల దాకా లాగే మోటారుకి ఆ దారి ఏ మూలకి?

బ్యాటరీ నెగటివ్ నుంచి మోటారుకి నేరుగా లావు రాగి కేబుల్ వేశాను. పాజిటివ్ వైపు బ్యాటరీ పక్కనే కరెంటు పూర్తిగా తెంపే ఐసోలేటర్ స్విచ్ పెట్టాను. సాలెనాయిడ్ కాంటాక్టులు అతుక్కుపోతే రిమోట్ వదిలేసినా వించ్ ఆగదు, అప్పుడు ఈ స్విచ్చే దిక్కు. బంపర్ అంచుకి ఒరుసుకునే చోట కేబుల్‌కి రబ్బరు గొట్టం తొడిగాను.

ఫ్యూజుపై వాదనలు బోలెడు. చిన్నది వేస్తే సరిగ్గా ఇరుక్కున్నప్పుడే ఎగిరిపోతుంది, అదో టెన్షన్. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచండి. అయినా ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఒక్కటే అంత కరెంటు ఇవ్వలేదు, ఎక్కువ భారం బ్యాటరీదే. మధ్యమధ్యలో ఆపుతూ లాగండి.