వీరాస్వామయ్య కాశీయాత్ర దారిని నేటి మ్యాపు మీదికి ఎక్కించడం ఎలా

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, కోస్తా వెంట దిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పల్లకీ ప్రయాణం. ఏ ఊళ్ళో దిగారో, అక్కడ నీళ్ళున్నాయో లేదో, దారి ఇసుకో రాయో రాస్తూ పోయారు. ఒక పాత దారిని మళ్ళీ పట్టుకోవాలంటే ఇంతకంటే మంచి దినచర్య తెలుగులో దొరకదు.

ముందు మ్యాపు తెరవకండి. మ్యాపు చూశాక పుస్తకం చదివితే, కనిపించిన ప్రతి ఊరి పేరూ పుస్తకంలో పేరులాగే అనిపిస్తుంది. దిగవల్లి వేంకటశివరావు సంపాదకత్వంలో 1941లో వచ్చిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ ప్రతి తెలుగు వికీసోర్సులో ఉంది. టైపు చేసిన పాఠంలో ఊరి పేరు తేడాగా కనిపిస్తే పక్కనే ఉన్న స్కాను పేజీతో పోల్చుకోండి. ఒక్క ఒత్తు జారినా ఊరు మారిపోతుంది.

చదువుతూ ఒక స్ప్రెడ్‌షీటు నింపండి. తేదీ, వారం, బయలుదేరిన ఊరు, దిగిన మజిలీ, దూరం (పుస్తకంలో ఏ మాట ఉంటే అదే), దారిలో నదులు, కొండలు, సత్రాలు, నేటి పేరు, అక్షాంశ రేఖాంశాలు, చివర నమ్మకం. నమ్మకానికి మూడు గుర్తులు చాలు: రెండు వేరువేరు ఆధారాలు కుదిరితే ‘ఖాయం’, ఒక్కటే ఉంటే ‘బహుశా’, ఏదీ లేకపోతే ‘ఖాళీ’. ఖాళీని ఖాళీగా ఉంచడమే కష్టమైన పని. దాన్ని ఊహతో నింపితే తర్వాతి మూడు మజిలీలూ దాని వెంటే పక్కకి పోతాయి.

వారాన్ని విడిగా ఎందుకు రాయమన్నామో మొదటి పద్దులోనే తెలుస్తుంది. మద్రాసు తండయారువీటిలోని తన తోట నుంచి కుజవారం (మంగళవారం) రాత్రి 9 గంటలకు బయలుదేరి మాధవరం చేరినట్టు ఉంది. 1830 మే 18 నిజంగానే మంగళవారం. ఇలా ప్రతి పద్దునూ శాశ్వత క్యాలెండరుతో సరిచూడండి. తేదీ, వారం కలవకపోతే తప్పు అచ్చుదైనా కావచ్చు, లేదా రాత్రి నడకదైనా కావచ్చు. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి అర్ధరాత్రి దాటాక చేరిన మజిలీ ఒక రోజు అటూ ఇటూ పడుతుంది. సంవత్సరం పేరు కనిపిస్తే 1830–31 వికృతి, తర్వాతది ఖర.

దూరాల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్ళని నిఘంటువు చూసి గుణించేస్తారు. ఆ ఆమడ గొలుసు పట్టి కొలిచింది కాదు, పల్లకీ మోసే బోయీల కాళ్ళకు తెలిసింది. ఘాటు (కొండదారి) ఎక్కేటప్పుడు కురచవుతుంది, మైదానంలో సాగుతుంది. అందుకని మీ ఆమడను మీరే తూచుకోండి. రెండు కొసలూ సందేహం లేని జంటలు పది ఏరండి, పెద్ద గుళ్ళున్న ఊళ్ళయితే మంచిది. మధ్య దూరాన్ని పాత దారి వెంట కొలిచి, ఆయన చెప్పిన ఆమడలతో భాగించండి. ఉదాహరణకు రెండు ఆమడలన్న చోట 26 కిలోమీటర్లు వస్తే ఆమడ 13. పది జవాబుల్లో సగటు తీయకండి, వరసగా పేర్చి నడిమి విలువ తీసుకోండి. ఒక్క చెడ్డ జంట సగటును పాడు చేస్తుంది. ఉత్తరాదిలో లెక్క కోసుల్లోకి మారుతుంది, కోసు ప్రాంతాన్ని బట్టి మారుతుంది కనుక అక్కడ మళ్ళీ మొదటి నుంచి తూచాలి.

ఇప్పుడు మ్యాపులు. ఆ కాలానికి దగ్గరగా ఉండేవి అంగుళానికి నాలుగు మైళ్ళ లెక్కన వేసిన ‘ఇండియన్ అట్లాస్’ షీట్లు. వీటి ప్రచురణ 1827 ప్రాంతంలో మొదలై దశాబ్దాల పాటు సాగింది. షీటు మీది తేదీని నమ్మకండి. పాత రాగి రేకు మీదే కొత్త రైలు దారులు చెక్కి మళ్ళీ అచ్చేశారు. రైలు గీత కనిపిస్తే దారులు కూడా సవరించి ఉండవచ్చని అనుమానించండి. నడుమ వంతెనలా అమెరికా సైన్యం 1950ల్లో వేసిన యు502 వరుస పనికొస్తుంది. స్కేలు 1:2,50,000. టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ సైటులో ఉచితం. ఊరు మునగక ముందు, బైపాసు రాక ముందు ఎలా ఉందో అందులో తెలుస్తుంది. నేటి వివరానికి సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లు.

పాత షీటును క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేరులోని జియోరిఫరెన్సర్‌లో (స్కాను మ్యాపును అక్షాంశ రేఖాంశాలకు అతికించే పనిముట్టు) పరిచి, కనీసం పది పన్నెండు కంట్రోల్ పాయింట్లు, అంటే పాత షీటులోనూ నేటి మ్యాపులోనూ కనిపించే గుర్తులు, పెట్టండి. గోపురాలు, కొండకోటలు, కొండ శిఖరాలు మంచివి. నదీ సంగమాలు పనికిరావు, కదులుతాయి. షీటు అంచున ముద్రించిన రేఖాంశాల మీద ఆధారపడితే ఊళ్ళన్నీ నాలుగు కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరిగి కనిపిస్తాయి. కారణం, మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశాన్ని అప్పట్లో దాదాపు రెండున్నర నిమిషాలు (నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) ఎక్కువగా తీసుకున్నారు. 1905 నాటి సవరణతో గానీ అది పోలేదు. ఈ స్కేలులో కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద పావు కిలోమీటరు. కాబట్టి 500 మీటర్ల లోపు తప్పు వస్తే తృప్తి పడండి. యు502 షీట్లది పాత ఎవరెస్ట్ డేటం, అంటే వాటి అక్షాంశ రేఖాంశాలు లెక్కించిన ఆధారం జీపీఎస్‌ది కాదు. జీపీఎస్ చుక్క వంద మీటర్లకు పైగా పక్కన పడితే ఫోను తప్పు కాదు.

పేర్లు వెతికేటప్పుడు నాలుకతో వెతకాలి, కళ్ళతో కాదు. ఇంగ్లీషు మ్యాపులో త, ట ఒకటే, ల, ళ ఒకటే, జంట ‘ఓ’ అక్షరాలుంటే ‘ఊ’. పైకి చదివితే ఊరు పలుకుతుంది. కందనవోలు కర్నూలు, పాలమూరు మహబూబ్‌నగర్. ఒకే పేరుతో నాలుగైదు ఊళ్ళుంటే ముందు మజిలీ నుంచి, తర్వాతి మజిలీ నుంచి ఆమడలతో రెండు వృత్తాలు గీయండి. దారి వంకర్లు తిరుగుతుంది కాబట్టి వ్యాసార్థాన్ని ఐదో వంతు తగ్గించండి. రెండూ కలిసే మేరలో ఉన్న ఊరే మీ ఊరు.

నీరు మారిన చోట మ్యాపుకంటే పుస్తకమే నయం. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటిది, కృష్ణ ఆనకట్ట 1855 నాటిది. ఆయన తిరుగు ప్రయాణంలో ఆ కాలువల్లేవు, కాలువ గట్ల మీది నేటి నిటారు రోడ్లూ లేవు. డెల్టాలో తిన్నగా పోయే ఏ రోడ్డునూ ఆయన దారి అనుకోకండి. కృష్ణ గట్టు ఊళ్ళలో కొన్ని శ్రీశైలం జలాశయంలో ఉన్నాయి. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో మాత్రమే బయటపడుతుంది.

నడవాలనుకునేవారికి ఆత్మకూరు నుంచి శ్రీశైలం మంచి ముక్క. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా పోయే ఈ కాలిబాట ఇప్పుడు పులుల అభయారణ్యంలో ఉంది. మహాశివరాత్రికి, ఉగాదికి భక్తులు నడుస్తారు. మిగతా రోజుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. తక్కిన చోట్ల గ్రామ నక్షా (రెవెన్యూ వారి ఊరి మ్యాపు) అడగండి. పాత బండ్ల దారి చాలాసార్లు ప్రభుత్వ భూమిగా అందులో మిగిలి ఉంటుంది. అడిగేటప్పుడు ‘చారిత్రక మార్గం’ అంటే ఎవరూ చెప్పలేరు. గుంటూరు వైపు డొంక అనండి, గోదావరి జిల్లాల్లో పుంత, తెలంగాణలో బండ్ల బాట. బస్సులు రాకముందు పెద్దలు సంతకు ఎటు పోయేవారో అడగండి. చూపించిన బాట మీద జీపీఎస్ ట్రాక్ ఆన్ చేసి నడిచి, ఆ రాత్రే స్ప్రెడ్‌షీటులో ఆ మజిలీ ఎదురుగా చేర్చండి. మ్యాపు మీద ‘ఖాయం’ ముక్కలకు నిండు గీత, ‘బహుశా’లకు చుక్కల గీత గీసి, ‘ఖాళీ’ దగ్గర గీత ఆపేయండి.