వేట మొదలయ్యేలోపు ఫైబర్ బోటుకి ట్రాన్స్‌డ్యూసర్ బిగిస్తున్నారా, ముందు ఇవి చూసుకోండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం కదా, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, ఇంజన్ సర్వీసింగ్, వలల బాగుచేత, పెయింటింగ్ అన్నీ ఈ 61 రోజుల్లోనే అవ్వాలి, కొత్తగా ఫిష్ ఫైండర్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి లోతూ చేపలూ స్క్రీన్ మీద చూపించే మిషన్, కొన్నవాళ్లు అది కూడా ఇప్పుడే బిగించేస్తుంటారు. స్క్రీన్ ఎక్కడ పెట్టినా కొంప మునగదు, నచ్చకపోతే రేపు ఇంకోచోటికి మార్చుకోవచ్చు. ఆ శబ్దాన్ని పంపి తిరిగి అందుకునే ముక్క ట్రాన్స్‌డ్యూసర్, దాని సంగతి అలా కాదు, అది ఇంజన్ తగిలించే వెనక పలకకి, నీళ్లలో మునిగి ఉండే చోట స్క్రూలతో పట్టాలి, అంటే బోటుకి నీటిమట్టం కింద మనమే చేజేతులా కన్నం పెడుతున్నాం అన్నమాట. అందుకే డ్రిల్ మిషన్ ఆఖరికి బయటికి తియ్యండి, మొదట్లో కాదు.

అసలు వెనక పలకకి బిగించాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి. కాకినాడ, విశాఖ హార్బర్లలో లాగా ఎప్పుడూ నీళ్లలోనే కట్టేసి ఉంచే బోటైతే పర్లేదు. ఉప్పాడ, పూడిమడక వైపు లాగా వేట నుంచి రాగానే ఇసుక మీదకి లాగేసే బోటైతే మాత్రం నేను వద్దనే అంటాను, ఎందుకంటే ఆ ముక్క బోటు అడుగు కంటే కాస్త కిందకి దిగి ఉంటుంది, నలుగురు కలిసి లాగేటప్పుడు ఇసుకలో గుచ్చుకుని ముందు బ్రాకెట్ విరుగుద్ది, లేదా బ్రాకెట్ గట్టిదైతే స్క్రూలే పలకలోంచి ఊడొస్తాయి, రెండోదే ప్రమాదం. అలాంటి బోట్లకి ఒక పైపు చివర ట్రాన్స్‌డ్యూసర్ బిగించి, పైపుని బోటు అంచుకి క్లాంప్‌తో పట్టించి, కావాల్సినప్పుడు నీళ్లలోకి దించుకోవడం మేలు, స్పీడుగా వెళ్లేటప్పుడు పనికిరాదు గానీ వల వేసే చోట ఆగి లోతు చూసుకోవడానికి సరిపోద్ది, కన్నం గొడవే ఉండదు.

ఇక పలకకే బిగిద్దాం అనుకున్నవాళ్లు చోటు విషయంలో తొందరపడొద్దు. ఈ మిషన్‌కి పెద్ద శత్రువు గాలి బుడగలు. ట్రాన్స్‌డ్యూసర్ పంపే శబ్దం నీళ్లలో సెకనుకి సుమారు 1500 మీటర్లు వెళ్లి అడుక్కో చేపకో తగిలి తిరిగొస్తుంది, మధ్యలో బుడగల నురగ ఉంటే అక్కడే చెదిరిపోద్ది, స్క్రీన్ మీద చుక్కలు, గీతలు తప్ప ఏమీ కనపడవు, మనమేమో మిషన్ పాడైందని షాపు చుట్టూ తిరుగుతాం. బోటు అడుగున పొడవునా ఉబ్బెత్తు గీతలుంటే వాటికి సరిగ్గా వెనక పెట్టొద్దు, ఏదైనా రిపేర్ చేసి ఎత్తుపల్లంగా ఉన్నచోటికి వెనక కూడా వద్దు, అక్కడ్నుంచి నురగ పుడుతూనే ఉంటుంది. ప్రొపెల్లర్‌కి కనీసం 15 అంగుళాలు, అంటే 38 సెంటీమీటర్ల దూరం ఉండాలి. వెనక నించుని చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిరిగే ప్రొపెల్లర్లే ఎక్కువ ఉంటాయి, వాటికి కుడి పక్క మంచిది, ఎందుకంటే అక్కడ రెక్క పైనుంచి కిందకి దిగుతుంది, ఎడమ పక్క కిందనుంచి పైకి లేస్తూ నీటిని కలిపేస్తుంది. ఇంజన్‌ని పూర్తిగా ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూడండి, పైకి ఎత్తి కూడా చూడండి, ఎక్కడా ట్రాన్స్‌డ్యూసర్‌కి తగలకూడదు, ఇది చూడకుండా బిగించి మొదటి మలుపులోనే పగలగొట్టుకునేవాళ్లు ఉంటారు.

ఇంకోటి, మిషన్‌తో వచ్చే పుస్తకాల్లో ఇది రాయరు. వల ఏ పక్కనుంచి లాగుతారు? కుడి పక్కనుంచే లాగే అలవాటైతే ఆ బ్రాకెట్‌కి వల చిక్కుకోవడం ఖాయం, అలాంటప్పుడు ఎడమ పక్కనే, ప్రొపెల్లర్‌కి ఇంకాస్త దూరంగా పెట్టుకోండి. స్క్రీన్ మీద కాస్త మచ్చలు భరించొచ్చు గానీ కెరటాల్లో ఇంజన్ పక్కన మనిషి వంగి వల విడిపించాల్సి రావడం మాత్రం భరించలేం.

చోటు ఖాయం చేసుకున్నాక కూడా ముందు ట్రయల్ వెయ్యాలి. ఒక చెక్కపట్టీకి ట్రాన్స్‌డ్యూసర్ బిగించి, పట్టీని సీ (ఇంగ్లీషు C అక్షరం ఆకారం) క్లాంపులతో పలకకి గట్టిగా పట్టించి ఉప్పుటేరులో తిప్పండి, నిషేధం ఉండగా సముద్రంలోకి వెళ్లొద్దు. తాడుకి బరువు కట్టి లోతు కొలవండి, స్క్రీన్ చెప్పే లోతుతో పోల్చండి. మిషన్ కొలిచేది ట్రాన్స్‌డ్యూసర్ మూతి నుంచి కాబట్టి నీటిమట్టానికీ దానికీ మధ్య ఎంతుందో ఆ తేడా రావడం మామూలే, సెట్టింగ్స్‌లో కలుపుకోవచ్చు. మెల్లగా వెళ్తే బాగా చూపించి స్పీడు పెంచగానే లోతు అంకె మాయమైతే నురగలో ఉందన్నమాట, కాస్త దించండి లేదా పక్కకి జరపండి. ఫైబర్ బోటుకైతే అడుగు కంటే సుమారు 3 ఎంఎం కిందకి ఉంటే చాలు, అల్యూమినియం బోటుకి 10 ఎంఎం దాకా. మూతి నేల వైపు చూడాలి, బోటు నీళ్లలో నిలబడే తీరుకి సమాంతరంగా, ముందుకీ వెనక్కీ వాలిపోకూడదు.

ఇప్పుడు డ్రిల్. పెట్రోల్ ట్యాంకు, క్యాన్లు ముందే దూరంగా తీసెయ్యండి, పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, బోటు అడుగున పేరుకుని ఉంటుంది, డ్రిల్ మోటారులో చిన్న నిప్పురవ్వ చాలు. తడిలో నించుని కరెంటు వైరు లాక్కోకుండా బ్యాటరీ డ్రిల్ వాడండి. ఫైబర్ పొడి ముక్కులోకి కళ్లలోకి పోతే మంట, మాస్కు కళ్లద్దాలు ఉండాల్సిందే. కన్నం చోట మాస్కింగ్ టేపు అంటించి దాని మీద మార్క్ చేసుకోండి, మొదట డ్రిల్‌ని రివర్స్‌లో తిప్పి పైనున్న మెరుపు పొర జెల్ కోట్‌ని మెల్లగా అరగదియ్యండి, అప్పుడు అది పెళ్లుసుగా పగలదు. బిట్‌కి కూడా టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, పలక అవతలి వైపుకి దూసుకుపోకుండా. వచ్చే పొడిని వేళ్ల మధ్య నలిపి చూడండి, చాలా బోట్లకి వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, పొడి ఎండుగా లేత రంగులో వస్తే సరే, నల్లగా తడిగా వచ్చి కుళ్లు వాసన కొడితే అక్కడితో ఆపెయ్యండి, లోపల చెక్క ఇప్పటికే నాని పోయింది, దాని మీద ట్రాన్స్‌డ్యూసర్ సంగతి తర్వాత, ఇంజన్ బరువు మోసేదే ఆ పలక, ముందు బోటు మేస్త్రీకి చూపించాలి.

స్క్రూలు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌వే, మామూలువి ఉప్పునీళ్లలో త్వరగా తుప్పు పడతాయి. కన్నం లోపలికి, స్క్రూ మరలకి, బ్రాకెట్ వెనక్కి మెరైన్ సీలెంట్ నిండుగా పెట్టండి, బాత్రూమ్‌కి వాడే సిలికాన్ ఇక్కడ పనికిరాదు. ట్యూబు మీద ఎన్ని గంటలు ఆరాలని రాస్తే అన్ని గంటలు ఆరనివ్వాలి, జూన్ 14 సాయంత్రం బిగించి తెల్లారి నీళ్లలో దించే పని పెట్టుకోకండి.

కేబుల్ పొడవెక్కువైందని కత్తిరించొద్దు, కోసి అతికిస్తే సిగ్నల్ పాడవుద్ది, చుట్ట చుట్టి పక్కన కట్టెయ్యండి. ఇంజన్ వైర్లు, బ్యాటరీ కేబుల్, వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెనా వైరు వీటి పక్కన కట్టొద్దు. కేబుల్ లోపలికి తెచ్చే కన్నం నీటిమట్టానికి బాగా పైన ఉండాలి, పలక మీదుగా పైనుంచి తెచ్చుకోగలిగితే ఆ కన్నం కూడా అక్కర్లేదు. పవర్ వైరుకి మిషన్‌తో ఇచ్చిన ఫ్యూజే వాడండి, దాని బదులు రాగి తీగ చుట్టే అలవాటు ఇక్కడ వద్దు.

బోటు అడుక్కి పెయింట్ కొట్టేటప్పుడు పనిలో పనిగా ట్రాన్స్‌డ్యూసర్ మూతి మీద కూడా అదే డబ్బాలోంచి పూసేస్తుంటారు, ఆ పెయింట్‌లో ఉండే సాల్వెంట్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది, పూస్తే నీటితో కలిసే రకం పల్చగా పూయండి లేదా వదిలేసి నాచు పట్టినప్పుడు సబ్బునీళ్లతో మెత్తని గుడ్డతో తుడవండి. నీళ్లలో దించిన మొదటి రోజు వెనక పలక లోపలి వైపు పొడిగుడ్డతో తుడిచి గంటాగి మళ్లీ చెయ్యి పెట్టి చూడండి, తడి తగిలితే ఆ రోజు వేటకి వెళ్లకుండా బోటు పైకి తీసి సీలెంట్ మళ్లీ వేయించండి.