అత్యాచార చట్టాల గురించి సరైన సమాచారం వెతకడం ఎలా?

కాలేజీ ప్రాజెక్టు కోసమో, ఊళ్లో మహిళా సంఘం మీటింగ్‌లో చెప్పడానికో ఫోన్‌లో వెతికితే ఇప్పటికీ సెక్షన్ 375, 376 అనే వస్తుంది. అవి పాత ఐపీసీ, అంటే భారత శిక్షాస్మృతి సెక్షన్లు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అందుకే ముందు నేరం జరిగిన తేదీ చూడండి. అంతకుముందు జరిగితే ఐపీసీ, ఆ తర్వాత అయితే కొత్త చట్టం. ఇందులో నిర్వచనం 63లో, శిక్ష 64లో, సామూహిక అత్యాచారం 70లో ఉన్నాయి. బాధితురాలికి 18 ఏళ్లు నిండకపోతే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం కూడా చదవాలి.

చట్టం పాఠం ఇండియా కోడ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సెక్షన్ చివర ఉండే మినహాయింపులు వదిలేయకండి. అసలు సంగతి చాలాసార్లు అక్కడే ఉంటుంది. 375లో భార్యకు 15 ఏళ్లు దాటితే భర్త చేసింది అత్యాచారం కాదని రాసి ఉండేది. 2017లో సుప్రీంకోర్టు ఆ వయసును 18 చేసింది. కొత్త చట్టంలోనూ 18 అనే ఉంది. అసలు ఆ మినహాయింపే పోవాలని నా గట్టి అభిప్రాయం. అయినా నోట్సులో చట్టం వేరు, నా మాట వేరు అని విడిగా రాసుకుంటాను.

తర్వాత తీర్పులు. 2019లో హనుమకొండలో తొమ్మిది నెలల పసిపాపపై జరిగిన ఘోరం మన జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. ఆగస్టులో వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. నవంబరులో హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైల్లోనే ఉండేలా జీవిత ఖైదుగా మార్చింది. మొదటి వార్త దగ్గరే ఆగిన వాళ్లకు ఇది తెలియదు. ఏ కేసైనా అప్పీలు దాకా చూడండి.

చట్టం ఒక్కటే చాలదు, ఆచరణ కూడా తెలియాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ (దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు) రాయాలని, కేసు విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 చెబుతుంది. ప్రైవేటు ఆసుపత్రి సైతం బాధితురాలికి ఉచితంగా చికిత్స చేయాలని అందులోని 397 చెబుతుంది. ఇవి నిజంగా ఎలా జరుగుతున్నాయో హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రంలో, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. పద్ధతి గురించే అడగండి, బాధితులను కలిపించమని మాత్రం అడగొద్దు. పేరు, ఊరు, బడి, ఆమెను గుర్తుపట్టేలా ఏదీ రాయకూడదు. పేరు బయటపెడితే న్యాయ సంహిత సెక్షన్ 72 కింద రెండేళ్ల దాకా జైలు.

వెతుకుతుండగా ఎవరైనా తమకే జరిగిందని చెబితే నోట్సు పక్కన పెట్టేయండి. మహిళా హెల్ప్‌లైన్ 181, ఉచిత లాయర్ కోసం 15100.