సీలియాక్‌తో బ్రిటన్‌కు వచ్చేవారు ముందు ఇంగువ డబ్బా చూసుకోండి

పోయిన చలికాలంలో, చదువుకోవడానికి కొత్తగా వచ్చిన ఒక అబ్బాయి వారాల తరబడి విరేచనాలతో, కడుపు ఉబ్బరంతో నీరసించిపోయి కనిపించాడు. అతనికి సీలియాక్ ఉందని, అంటే గోధుమ, బార్లీ, రైలలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే ఒంటి రక్షణ వ్యవస్థే చిన్నపేగును దెబ్బతీసే జబ్బు ఉందని, హైదరాబాదులోనే తేలింది. బ్రెడ్డు ముట్టడు, చపాతీ ముట్టడు, మూడు పూటలా అన్నమే. "అన్నా, అన్నం కూడా పడటం లేదు. ఇక ఏం తినమంటావు?" అని అడిగాడు. వంటింటి అలమర తెరిచి చూస్తే పసుపు రంగు ఇంగువ డబ్బా ఉంది. పదార్థాల జాబితాలో గోధుమపిండి అని ముద్దక్షరాల్లో రాసే ఉంది. పక్కనే ఇంటి నుంచి తెచ్చుకున్న సాంబారు పొడి, అందులోనూ అదే రకం ఇంగువ. గోధుమ మానమని అతనికి డాక్టరు చెప్పారు, కానీ ఇంగువలో గోధుమ ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంగువ అనేది ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. ఇరాన్, అఫ్గానిస్తాన్ వైపు నుంచి వస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు వాడితే ఘాటు భరించలేం, పొడి కొట్టడమూ కష్టమే. అందుకని పిండి, తుమ్మజిగురు కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా కంపెనీల సరుకులో గోధుమదో మైదానో అయి ఉంటుంది. ముద్ద ఇంగువ స్వచ్ఛమైనదని నమ్మి కొనేవారున్నారు, అందులోనూ చాలాసార్లు మైదా కలుస్తుంది. బియ్యప్పిండితో చేసి, గ్లూటెన్ ఫ్రీ అని స్పష్టంగా రాసిన ఇంగువ ఇక్కడ దొరుకుతుంది. అదే కొనండి. అది దొరికేదాకా ఇంగువ లేకుండా పోపు పెట్టుకోండి. వెల్లుల్లి ఉంది, కరివేపాకు ఉంది.

"చిటికెడేగా" అని నాతో వాదించకండి. ఒక్కరికే వండుకున్న గిన్నెలో పావు చెంచా ఇంగువ వేశారనుకుందాం. అది అర గ్రాము పైనే ఉంటుంది. అందులో సగం గోధుమపిండి అనుకున్నా, ఆ పిండిలో ఇంచుమించు పదో వంతు గ్లూటెన్. అంటే పాతిక ముప్ఫై మిల్లీగ్రాములు ఒక్క వంటకంలోనే వచ్చేశాయి. పప్పు, చారు, పచ్చడి కలిపితే ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తింటే చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుందని పరిశోధనలో తేలింది. బయటకు ఏ బాధా కనిపించకపోయినా లోపల నష్టం జరుగుతూ ఉండవచ్చు.

ఇంగువ డబ్బాతో పని అయిపోలేదు. పులిహోర ముద్ద, రసం పొడి, అప్పడాలు, గుమ్మడి వడియాలు, మాగాయ పోపు, దుకాణంలో కొన్న కారప్పూస, ఇవన్నీ దాని చుట్టాలే. అమ్మ స్వయంగా చేసి పంపిన పొడుల సంగతి చెప్పడానికి నాకు మనసు రాదు, అయినా చెప్పాలి. అమ్మ గోధుమ వేయదు. కానీ కారం ఆడించిన పిండిమరలో అంతకు ముందు ఎవరి గోధుమలు ఆడించారో అమ్మకు తెలియదు. రాగి, జొన్న, సజ్జ, శనగపిండికీ ఇదే చిక్కు. ఆ గింజల్లో గ్లూటెన్ లేదు, మరలో అంటుకుంటుంది. ఇంటికి ఫోను చేసి, పొడులు మిక్సీలోనే కొట్టమని, ఇంగువ అసలు వేయవద్దని చెప్పండి. అమ్మలు ఒకసారి నొచ్చుకుంటారు, ఆ తర్వాత మనకంటే జాగ్రత్తగా ఉంటారు.

నాకు ఈ జబ్బు బయటపడింది ఇక్కడికి వచ్చాకే. మొదటి నెలలు ఎలా గడిచాయో తలచుకోవడానికి ఇష్టం లేదు. మెట్లెక్కితే ఆయాసం, ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా తగ్గని రక్తహీనత. ఇంట్లోవాళ్లు నీళ్లు పడలేదన్నారు, ఒక డాక్టరు ఒత్తిడి అన్నారు. ఐరన్ ఒంటికి పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో, సీలియాక్ ముందుగా దెబ్బతీసేది కూడా అక్కడే అని తర్వాత తెలిసింది. కాబట్టి ఎంతకూ తగ్గని రక్తహీనత ఉంటే జీపీని, అంటే మీ పేరు నమోదైన స్థానిక డాక్టరును, టీటీజీ రక్తపరీక్ష అడగండి. ఈ జబ్బులో రక్తంలో పెరిగే ప్రతిరక్షకాలను కొలిచే పరీక్ష అది. ముఖ్యమైన మాట: పరీక్షకు ముందు గోధుమ మానేయకండి. మానేస్తే ఆ ప్రతిరక్షకాలు తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేదని ఫలితం రావచ్చు. ఇప్పటికే మానేసినవారు కనీసం ఆరు వారాల పాటు రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటలు గ్లూటెన్ తిన్నాకే పరీక్ష చేయించుకోవాలన్నది ఇక్కడి వైద్య మార్గదర్శకం. ఆ ఆరు వారాలు నరకంలా ఉంటాయి. అందుకే సొంత వైద్యం వద్దంటున్నాను.

ఇండియాలోనే నిర్ధారణ అయినవారు బయాప్సీ (చిన్నపేగు లోపలి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) నివేదిక, టీటీజీ విలువ ఉన్న కాగితం తప్పక వెంట తెచ్చుకోండి. అది జీపీ దగ్గర నమోదైతేనే ఏటా సమీక్ష, ఐరన్, విటమిన్ డి పరీక్షలు, అవసరమైతే ఎముకల స్కాను అడగడానికి దారి ఉంటుంది. ఇంగ్లండులో కొన్ని ప్రాంతాల్లో గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్డు, పిండి ప్రిస్క్రిప్షన్ మీద ఇస్తారు, కొన్ని చోట్ల ఆపేశారు. మీ ప్రాంతంలో ఏముందో జీపీ దగ్గరే కనుక్కోండి. ఆ బ్రెడ్డు మీద నాకు పెద్దగా మోజు లేదు. దోశ ఉండగా దానికి అంత డబ్బు పోయడం ఎందుకు?

లేబుళ్ల విషయంలో ఈ దేశం మేలు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్‌లో ఏది వాడినా పేరు పెట్టి, ప్రస్ఫుటంగా కనిపించేలా రాయాలన్నది చట్టం. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. గోధుమ లేదని మాత్రమే రాస్తే చాలదు, బార్లీ ఉండవచ్చు. చాలా రకాల కార్న్‌ఫ్లేక్స్ వదులుకోవలసింది బార్లీ మాల్ట్ వల్లే. హార్లిక్స్‌లో అయితే గోధుమా బార్లీ మాల్టూ రెండూ ఉంటాయి. సోయాసాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. ఇండియన్ దుకాణాల్లో, దిగుమతి చేసుకున్నవారు పాకెట్టు మీద అతికించిన చిన్న స్టిక్కరూ కింద ఉన్న అసలు ముద్రణా రెండూ చదవండి. రెండూ పొసగకపోతే అది అక్కడే పెట్టేసి రండి.

రవ్వ గురించి ఇంకా అడిగేవారున్నారు, ఆశ్చర్యంగా ఉంటుంది. బొంబాయి రవ్వ గోధుమే, సేమియా గోధుమే. ఇడ్లీ రవ్వ బియ్యం. పెసరట్టు బాగానే ఉంటుంది, దాని పక్కన వేసే ఉప్మా మీది కాదు.

నలుగురు కలిసి ఉండే ఇంట్లో పెనం మీకు విడిగా ఉండాలి. వేరు చేయమన్నప్పుడు స్నేహితులు నవ్వితే నవ్వనివ్వండి. చపాతీలు కాల్చిన పెనం మీద దోశ వేయకూడదు. టోస్టరు, చిల్లుల గిన్నె, అప్పడాల కర్ర, చెక్క గరిటెలు కూడా వేరుగా ఉండాలి. స్టీలు గిన్నెలు సబ్బుతో బాగా తోమితే చాలు, వాటి గురించి కంగారు అక్కర్లేదు. చపాతీపిండి కలిపేటప్పుడు మీ అన్నం గిన్నెకు మూత పెట్టండి. పార్ట్‌టైం ఉద్యోగం పిజ్జా దుకాణంలోనో బేకరీలోనో దొరికితే వద్దనండి. గాలిలో లేచిన పిండి ముక్కులోకి, నోట్లోకి, అక్కడి నుంచి కడుపులోకి పోతుంది. అద్దె కట్టాలని నాకూ తెలుసు. వేరేది వెతుక్కోండి.

మన హోటళ్లలో నాకు ఓపిక నశించేది "ఏమీ కాదండీ, అంతా బియ్యమే" అన్న మాట విన్నప్పుడు. దోశ పిండిలో గోధుమ లేకపోవచ్చు. ఆ పెనం మీద ఇందాక వేసిన రవ్వదోశ సంగతో? సాంబారులో ఇంగువ సంగతో? బంగాళదుంప వేపుడు వేయించిన నూనెలోనే మైసూరు బోండాలు వేగాయి కదా? పద్నాలుగు రకాల అలర్జీ కారకాల సమాచారం ఇవ్వడం ఇక్కడ హోటలు వారి చట్టబద్ధ బాధ్యత. మొహమాటపడకుండా అడగండి. సీలియాక్ అనే పేరు పెట్టి చెప్పండి, "గోధుమ పడదు" అంటే డైటింగ్ అనుకుంటారు. తేలిగ్గా తీసేసే చోట మంచినీళ్లు తాగి లేచి రండి.

పండగలకు, పూజలకు పిలుస్తారు. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వతో చేస్తారు, పులిహోరలో ఇంగువ ఉంటుంది. కళ్లకద్దుకుని పక్కవారికి ఇవ్వండి, ఎవరూ తప్పు పట్టరు. చర్చికి వెళ్లేవారు ప్రభురాత్రి భోజనానికి వాడే రొట్టె గురించి పాస్టరుగారితో ముందే మాట్లాడండి. ఎవరింటికి భోజనానికి వెళ్లినా మీ డబ్బా మీరు తీసుకెళ్లండి. "కొంచెం తింటే ఏమవుతుంది" అనే అత్తయ్యలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వారిది ప్రేమే, కానీ మీ పేగుకు అది తెలియదు.

ఇన్ని భయాలు పెట్టాను కాబట్టి ఒక మంచి మాట కూడా చెప్పాలి. గ్లూటెన్ పూర్తిగా మానితే చిన్నపేగు పొర చాలామందిలో మళ్లీ పెరుగుతుంది. ముందు లక్షణాలు తగ్గుతాయి, తర్వాత నెలల మీద టీటీజీ దిగుతుంది. పెద్దవారిలో పొర పూర్తిగా కోలుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు. మొదట్లో పాలు పడకపోతే బెంగపడకండి. పాలను అరిగించే ఎంజైము ఉండేది దెబ్బతిన్న ఆ పొర మీదే, అది కోలుకున్నాక చాలామందికి పాలూ పడతాయి. పైగా అన్నం, పప్పు, కూర, పెరుగు మన రోజువారీ తిండి. రొట్టె మీద బతికే ఇక్కడివారు వదులుకునేదాంతో పోలిస్తే మనం వదులుకునేది తక్కువే. ఇంగువ మార్చి, పెనం వేరు చేశాక ఆ అబ్బాయి కొన్ని వారాల్లో తేరుకున్నాడు.

ఇంకొక్క పని మిగిలింది. సీలియాక్ ఉన్నవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఇంచుమించు పదిమందిలో ఒకరికి అది ఉండే అవకాశం ఉంది. మన వైపు ఈ జబ్బు పేరు తెలిసినవారు తక్కువ కాబట్టి ఎవరూ వెతకరు. ఇంట్లో అక్కకో తమ్ముడికో ఏళ్ల తరబడి రక్తహీనత తగ్గకపోతే ఈ వారమే ఫోను చేసి టీటీజీ పరీక్ష చేయించుకోమనండి. పరీక్ష అయ్యేదాకా చపాతీలు మానవద్దని కూడా చెప్పండి.