పుట్టింటికి బయలుదేరే ముందు ఉమ్మనీటి సంగతి

ఎండాకాలంలో నెలలు నిండబోతున్న అమ్మాయి ఉన్న ఇంట్లో ఒకటే హడావిడి. మంచిరోజు చూసి తొలి కాన్పుకు పుట్టింటికి పంపాలి. చీరలు సర్దుతారు, పచ్చళ్లు కడతారు, స్కానింగ్ ఫైలు మాత్రం అత్తవారింటి బీరువాలోనే ఉండిపోతుంది. లేబర్ రూములో నర్సుగా ఉన్న రోజుల్లో "ఫైలేదమ్మా?" అని నేను అడగని రోజు లేదు. ఆ ఫైలులో మేము ముందుగా వెతికే వాటిలో ఒకటి ఉమ్మనీరు ఎంత ఉందన్న వరుస.

అక్కడ ఏఎఫ్‌ఐ అని ఒక అంకె ఉంటుంది. గర్భసంచిని నాలుగు భాగాలుగా చూసి, ఒక్కోదానిలో నీటి లోతు కొలిచి కూడిన మొత్తమది. సుమారు 5 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య ఉంటే మామూలే. ఎనిమిదో నెల దాటాక నీరు మెల్లగా తగ్గడం సహజం కాబట్టి, పోయినసారి 13 ఉన్నది ఈసారి 10 అయిందని ఇల్లంతా కంగారు పడనక్కరలేదు. 5 లోపు పడితే మాత్రం ప్రయాణం మాట డాక్టరును అడిగాకే.

సగం నెలలు దాటాక ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. బిడ్డ దాన్ని మింగుతుంది, మళ్లీ విసర్జిస్తుంది. "ఉమ్మనీరు మింగేశాడట" అని బంధువులు గుండెలు బాదుకోవడం చూస్తుంటాను. మింగడం వాడి రోజువారీ పని! లోపలే మలవిసర్జన జరిగి, అది కలిసిన నీరు ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే ప్రమాదం.

తల్లి ఒంట్లో నీరు తగ్గితే ఉమ్మనీరూ తగ్గవచ్చు. అందుకే ఎండలో బస్సు ప్రయాణం వద్దంటాను. తప్పనిసరైతే తెల్లవారుజామున బయలుదేరండి, నీళ్ల సీసా చేతిలో ఉంచుకోండి. దారిలో మూత్రానికి దిగాల్సి వస్తుందని నీళ్లు మానేసే అమ్మాయిలే ఎక్కువ. అలాగని కొబ్బరిబొండాలతో అన్నీ సర్దుకోవు. మాయ సరిగా పనిచేయకపోయినా, ఉమ్మనీటి సంచి చిల్లుపడినా ఎంత తాగినా లాభం లేదు. ఉమ్మనీరు మరీ ఎక్కువైన వారు నీళ్లు తాగడం తగ్గిస్తే అది తగ్గదు. వాళ్లు ముందు షుగరు పరీక్ష చేయించుకోవాలి.

నడుము నొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకోకండి. అయిదో నెల దాటాక అవి బిడ్డ మూత్రపిండాల పనిని తగ్గించి, ఉమ్మనీరు తగ్గేలా చేయగలవు. డాక్టరు రాసిన చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఇక అసలు భయం, నొప్పులు రాకముందే సంచి పగలడం. అది ఎప్పుడూ కుండ పగిలినట్టు కాదు. చాలాసార్లు చుక్కచుక్కగా తడుస్తుంది, తెల్లబట్ట అనుకుంటారు. అనుమానం వస్తే మూత్రానికి వెళ్లివచ్చి, ఉతికిన తెల్లటి నూలుబట్ట పెట్టుకుని అరగంట పడుకోండి. లేచి నిలబడి దగ్గినప్పుడు బట్ట తడిస్తే, మూత్రం వాసన లేకపోతే, ఉమ్మనీరే అనుకుని బయలుదేరండి. తడవకపోయినా అనుమానం తీరకపోతే వెళ్లి చూపించుకోండి. ఆస్పత్రిలో ఒక చుక్కను గాజుపలక మీద ఆరబెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తాం. ఉమ్మనీరైతే ఫెర్న్ ఆకులాంటి ముగ్గు కనిపిస్తుంది.

ఒకసారి ఒక అమ్మాయిని పొద్దున తడవడం మొదలైతే మర్నాటి సాయంత్రం తీసుకొచ్చారు. "నొప్పులు రాలేదు కదా, అమావాస్య వెళ్లనిద్దామనుకున్నాం" అన్నారు. అప్పటికే జ్వరం, నీటికి వాసన. పొర పగిలాక గంటలు గడిచేకొద్దీ లోపలికి ఇన్ఫెక్షన్ పాకుతుంది, దానికి తిథులు తెలియవు. 37 వారాలు నిండకముందే నీరు పోతే ఇంకా తొందర పడాలి. నెలలు నిండని పిల్లలకు వైద్యం చేసే వార్డున్న ఆస్పత్రికే వెళ్లండి. 34 వారాల లోపైతే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లకు కొంత వ్యవధి కావాలి. దారిలో ఎవరి చేతా లోపలి పరీక్ష చేయించుకోవద్దు.

నీరు ఆకుపచ్చగా ఉన్నా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా 108కి ఫోను చేయండి. నీటితోపాటు తాడులాంటిది బయటికి జారితే దాన్ని ముట్టుకోకుండా, తల నేలకు ఆనించి, మోకాళ్ల మీద వంగి, నడుము పైకెత్తి ఉండాలి. వాహనం వచ్చేదాకా అలాగే ఉండాలి.

నీరు పోయిన సమయం ఫైలు అట్ట మీద రాయండి. తడిసిన బట్టను ఉతికి ఆరేయకండి, కవరులో పెట్టి తీసుకురండి. దాని రంగు, వాసన మేము చూడాలి.