ముందు ప్రశ్నలు చదవండి

ఇంటర్నెట్ మీద కొత్త నిబంధన వస్తోందని వినగానే టీవీ చర్చకు కూర్చోకండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వెబ్‌సైటులో, నిర్ణయానికి ముందు అందరి అభిప్రాయం అడుగుతూ పెట్టే సంప్రదింపుల పత్రం తెరవండి. అంతా చదవనక్కర్లేదు, అందులోని ప్రశ్నలు చాలు.

2015 డిసెంబరునే తీసుకోండి. ఎంపిక చేసిన కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే డేటా ఖర్చు లేకుండా చూపించే తన ‘ఫ్రీ బేసిక్స్’ పథకం కోసం ఫేస్‌బుక్ పత్రికల్లో పేజీల కొద్దీ ప్రకటనలు గుప్పించింది. ముందే రాసిపెట్టిన లేఖలను వినియోగదారుల పేరిట లక్షల్లో ట్రాయ్‌కి పంపించింది. ట్రాయ్ అడిగినవి నాలుగే ప్రశ్నలు. ఒక్కో వెబ్‌సైటు చూడడానికి ఒక్కో డేటా ధర పెట్టనివ్వవచ్చా అన్నది మొదటిది. లేఖల్లో పేదలకు ఉచిత ఇంటర్నెట్ గురించి ఉంది గానీ, అడిగిన ప్రశ్నలకు సూటిగా జవాబు లేదని ట్రాయే తప్పుబట్టింది. 2016 ఫిబ్రవరి 8న అలాంటి ధరలను నిషేధించింది.

ఆ పత్రం పక్కనే కంపెనీల అభిప్రాయాలు, వాటిపై ఇతరుల ప్రత్యుత్తరాలు కూడా దొరుకుతాయి. నాకైతే ఏ సంపాదకీయం కన్నా అవే రుచి: ఒకరు కప్పిపుచ్చిన లెక్కను పోటీదారు పనిగట్టుకుని బయటపెడతాడు. ప్రభుత్వాన్నీ వదలకండి. జనం అభిప్రాయం చెప్పడానికి గడువు ఎన్ని రోజులిచ్చారో, వచ్చిన అభిప్రాయాలను బయట పెట్టారో లేదో చూడండి.